మీ ప్రశ్నలు, మా జవాబులు: చలి తగ్గగానే కనిపించే సీతాకోకచిలుకలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. అది వెళ్ళిందో లేదో కానీ ఈ శీర్షికకు ఉత్తరాలు మాత్రం ఒక్కసారిగా పెరిగాయి. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న, "ఇదేం సీతాకోకచిలుకండీ?" అని. పంపిన ఫోటోల్లో సగం కదిలిపోయినవే. అయినా పర్లేదు, అది ఏ మొక్క మీద కూర్చుందో రాసినవాళ్ళకు ఫోటో మసకగా ఉన్నా జవాబు చెప్పడం తేలికైంది, మొక్క పేరు రాయనివాళ్ళకు మంచి ఫోటో ఉన్నా తల గోక్కోవలసి వచ్చింది. వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని ఇంగ్లిష్ పేర్లే వాడుతున్నాను.

ప్ర: మా బాల్కనీ కుండీలో కరివేపాకు సంక్రాంతి తర్వాత బాగా చిగురేసింది. ఆ చిగుళ్ళ మీద పక్షి రెట్టలా ఉన్న చిన్న పురుగులు కనిపించాయి. చూస్తుండగానే లావుగా, ఆకుపచ్చగా అయిపోయి చెట్టును బోడి చేస్తున్నాయి. పుల్లతో కదిపితే తల దగ్గర ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఏదో వాసన వదిలాయి. మందు కొట్టాలా? ఇవి సీతాకోకచిలుకలే అవుతాయా? (కూకట్‌పల్లి, హైదరాబాద్ నుంచి ఒక గృహిణి)

జ: మందు మాత్రం కొట్టకండి, రేపు ఆ ఆకు పోపులో వేసుకునేది మీరే కదా. అవి సీతాకోకచిలుకలే అవుతాయి. కరివేపాకు, నిమ్మ, బత్తాయి, మారేడు, ఇవన్నీ ఒకే కుటుంబం, ఈ చెట్ల మీద గుడ్లు పెట్టే పెద్ద సీతాకోకచిలుకలు మన ఊళ్ళలో ముఖ్యంగా రెండు: లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్. తల్లి లేత ఆకు వెతుక్కుని లేత పసుపు రంగు గుడ్డు ఒక్కొక్కటిగా పెట్టి పోతుంది, గుంపుగా పెట్టదు. పిల్లపురుగు మొదట్లో గోధుమ, తెలుపు కలిసి తడి రెట్టలా మెరుస్తూ ఉంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు. పెరిగి పెద్దదయ్యాక ఆ వేషం ఎవరూ నమ్మరు, అంత పెద్ద రెట్ట ఉండదు కదా, అందుకే చివరిసారి కుబుసం విడిచినప్పుడు ఆకుపచ్చ రంగులోకి మారిపోతుంది. మీరు చూసిన ఎర్ర కొమ్ములు తల వెనక మడతలో దాచుకునే మెత్తటి అవయవం. చీమల్ని, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగల్ని బెదరగొట్టడానికి దాన్ని బయటికి తీస్తుంది. మనకేమీ కాదు, చేతికి కాస్త వాసన అంటుకుంటుంది, అంతే.

ఇక లైమా, మార్మనా అన్నది పురుగు దశలో తేల్చడం కష్టం, నేనైతే ఆ తంటా పడను. తినడం ఆపేసి, కొమ్మకో కుండీ అంచుకో చేరి, నడుం చుట్టూ సన్నటి పట్టుదారం కట్టుకుని వెనక్కి వాలి కూర్చుందంటే అది ప్యూపా, అంటే పురుగు సీతాకోకచిలుకగా మారే గూడు, కాబోతోందని అర్థం. పచ్చటి కాడ మీదైతే ప్యూపా కూడా ఎక్కువగా పచ్చగానే ఉంటుంది, ఎండుపుల్ల మీదైతే గోధుమ రంగులోకి తిరుగుతుంది. పది రోజులు అటూ ఇటూగా ఆగండి. బయటికి వచ్చాక రెక్కలు ఆరేదాకా చాలాసేపు కదలదు, ఫోటోకి అంతకన్నా మంచి అదను దొరకదు. నల్ల రెక్కల నిండా మీగడ రంగు మచ్చలుండి, వెనక రెక్కకు తోక లేకుండా, రెక్క లోపలి మూలన ఇటుక రంగు మచ్చ కనిపిస్తే లైమ్. నల్ల రెక్కలు, వెనక రెక్క మీద అడ్డంగా ఒక వరస తెల్ల మచ్చలు, చివర తోక ఉంటే మార్మన్ మగది. చెట్టు గురించి దిగులు పడకండి, కరివేపాకు మళ్ళీ చిగురిస్తుంది. మరీ చిన్న మొక్కయితే రెండు పురుగుల్ని ఉంచుకుని మిగతావాటిని పక్కింటి నిమ్మచెట్టు మీదికి మార్చండి, అడిగి మార్చండి.

ప్ర: నల్ల సీతాకోకచిలుక, వెనక రెక్కల మధ్యలో తెల్ల మచ్చ, అంచున ఎర్ర మచ్చలు, తోక కూడా ఉంది. ఒక స్నేహితుడు కామన్ రోజ్ అన్నాడు, ఇంకొకడు మార్మన్ ఆడది అన్నాడు. ఇద్దరూ గట్టిగానే వాదిస్తున్నారు. ఎవరిది నిజం? (హనుమకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జ: రెక్కలు వదిలేసి ఒళ్ళు చూడమనండి. తలా, పొట్టా ఎర్రగా ఉంటే కామన్ రోజ్. ఒళ్ళంతా నల్లగా ఉంటే మార్మన్ ఆడది. మిగతా వాదన అంతా అనవసరం.

ఎందుకిలా అంటే, కామన్ రోజ్ పురుగుగా ఉన్నప్పుడు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు లాంటి మొక్కల్ని తిని వాటి విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి తిని చూసిన పిట్ట మళ్ళీ ఆ రంగుల జోలికి పోదు. మార్మన్ పెరిగేది నిమ్మ, కరివేపాకు మీద కాబట్టి దాని ఒంట్లో ఆ విషం ఉండదు, కానీ వేషం వేస్తుంది. అదీ ఆడవి మాత్రమే, ఆడవాటిలోనూ అన్నీ కాదు. కొన్ని అచ్చం మగదానిలా ఉంటాయి, కొన్ని కామన్ రోజ్‌లా, మరికొన్ని క్రిమ్సన్ రోజ్‌లా ఉంటాయి. ఒకే తల్లి పిల్లల్లో కూడా రెండు రకాల ఆడవి రావచ్చు. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ 1860లలోనే ఈ సంగతి రాశాడు. ఇంత పెద్ద మార్పును నడిపేది 'డబుల్‌సెక్స్' అనే ఒకే ఒక్క జన్యువు అని 2014లో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే, ఆయన సహచరులు చూపించారు. మగా ఆడా తేడాల్ని నడిపే జన్యువు అది, మార్మన్ దాన్నే ఈ వేషానికీ వాడుకుంటోంది.

ఒళ్ళు కనిపించనంత దూరంలో ఉంటే కాసేపు ఆగి, అది ఎక్కడ గుడ్డు పెడుతుందో చూడండి. కరివేపాకు దగ్గర ఆగితే మార్మన్, నేల మీద పాకే గాడిదగడపాకు దగ్గర తచ్చాడితే రోజ్. ఈ ఉపాయం మీ స్నేహితులిద్దరికీ చెప్పి, ఎవరు ఓడితే వాళ్ళతో మిర్చి బజ్జీలు పెట్టించుకోండి.

ప్ర: ఊరి బయట రోడ్డు పక్కన జిల్లేడు పొదల మీద నారింజ రంగు సీతాకోకచిలుకలు చాలా ఉన్నాయి. ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే 'మోనార్క్' అని వచ్చింది. అమెరికా నుంచి మెక్సికోకి వలస పోతుందంటారు, అదేనా? (అనంతపురం)

జ: అది కాదు. మోనార్క్ మన దగ్గర ఉండేది కాదు. యాప్‌కి మీరెక్కడున్నారో తెలియకపోతే, లేదా లొకేషన్ ఆపేసి ఉంటే, ఇలాంటి చిత్రాలే చెబుతుంది. జిల్లేడు మీద తిరిగే నారింజ రంగుది ప్లెయిన్ టైగర్, మోనార్క్‌కు దగ్గర చుట్టమే. ముందు రెక్క కొస నల్లగా ఉండి దాని మీద తెల్లటి పట్టీ ఉంటుంది. రెక్క ఈనెలన్నీ నల్లగా, మందంగా గీతలు గీసినట్టుంటే అది స్ట్రైప్డ్ టైగర్, యాప్‌లు మోనార్క్ అని ఎక్కువగా పొరపడేది దానితోనే.

ఇక్కడా ఒక వేషగత్తె ఉంది, డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడది. జిల్లేడు పాలలో విషం ఉంటుంది, ప్లెయిన్ టైగర్ దాన్ని తిని చేదెక్కుతుంది. ఎగ్‌ఫ్లై పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగవావిలి కూర, అందులో విషమెక్కడిది! అందుకే పెద్దయ్యాక ఆ రంగులు తొడుక్కుంటుంది. తేడా పట్టాలంటే వెనక రెక్క చూడండి: ప్లెయిన్ టైగర్ ఆడదానికి రెక్క నడుమ మూడు నల్ల చుక్కలుంటాయి, మగదానికి నాలుగు. ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒక్కటే చుక్క. ఎగ్‌ఫ్లై మగదాన్ని చూస్తే ఇది దాని జంట అని ఎవరూ నమ్మరు, నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలు, వాటి చుట్టూ ఊదా నీలం మెరుపు.

జిల్లేడు ఆకు వెనక్కి తిప్పి చూశారా? నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లటి పోగులతో పురుగు దొరికితే అది ప్లెయిన్ టైగర్ పిల్లే. చూశాక చేయి కడుక్కోండి, జిల్లేడు పాలు కంట్లో పడితే ఆసుపత్రికి పరిగెత్తాలి.

ప్ర: మా బడిలో పిల్లలతో సీతాకోకచిలుకల ప్రాజెక్టు చేయిస్తున్నాను. చార్టులో ఉన్న ఈవెనింగ్ బ్రౌన్‌కు రెక్కల కింది వైపు వరసగా కళ్ళలాంటి మచ్చలున్నాయి. వరి పొలం గట్టు దగ్గర ఎండుటాకుల్లో మా పిల్లలు పట్టి చూపించినదానికి ఒక్క మచ్చా లేదు. పైగా ఒక్కోటి ఒక్కో రంగు. ఇది వేరే జాతా, చార్టు తప్పా? (ఖమ్మం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

జ: మేడమ్, ఈసారి వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. చార్టు తప్పు కాదు, మీ పిల్లలు చూసినదీ అదే జాతి. చార్టు వేసినవాళ్ళు వానాకాలం రూపం వేశారు, మీ పిల్లలు పట్టింది ఎండాకాలం రూపం. మాఘ ఫాల్గుణాల్లో మన దగ్గర సీతాకోకచిలుకల్ని గుర్తుపట్టడంలో తికమకంతా ఇక్కడే వస్తుంది, ఎందుకంటే పుస్తకాల్లో, పోస్టర్లలో ఎక్కువగా కనిపించేది వానాకాలపు బొమ్మే.

వానాకాలంలో గడ్డి పచ్చగా ఉంటుంది, ఈ సీతాకోకచిలుకలు చురుగ్గా తిరుగుతూ జతకడుతూ గుడ్లు పెడుతూ ఉంటాయి. తిరిగేదాన్ని పిట్టా, తొండా ఎలాగూ చూస్తాయి. అప్పుడు రెక్క అంచున ఉన్న కంటిమచ్చ పనికొస్తుంది, ముక్కు వేసేవాడు ఆ మచ్చ మీద వేస్తాడు, రెక్క అంచు కాస్త చిరుగుతుంది, ప్రాణం దక్కుతుంది. వానలు పోయి నేలంతా ఎండుటాకులు పరుచుకున్నాక లెక్క మారిపోతుంది. తిరగడం తగ్గించి రోజంతా ఆకుల్లో కదలకుండా కూర్చోవడమే మేలు, అలా కూర్చున్నప్పుడు కంటిమచ్చ ఉంటే దొరికిపోతుంది. అందుకే ఈ కాలంలో పుట్టినవి మచ్చల్లేకుండా, ఒకటి ముదురు గోధుమ, ఒకటి బూడిద, ఒకటి ఎర్రమన్ను రంగు, ఇలా ఒకదానికొకటి పోలిక లేకుండా వస్తాయి. ఎండుటాకులు కూడా ఏ రెండూ ఒకేలా ఉండవు కదా. రెక్క కొస కూడా కాస్త ఎక్కువగా వంకీ తిరిగి ఉంటుంది, పిల్లల్ని గమనించమనండి.

ఏ రూపంలో రావాలన్నది రెక్కలొచ్చాక తేలేది కాదు, పురుగుగా ఉన్నప్పటి వాతావరణమే దాన్ని నిర్ణయిస్తుంది. ఆఫ్రికాలో ఉండే బుష్‌బ్రౌన్ అనే దీని చుట్టం మీద శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. ఒకే తల్లి పిల్లల్ని 27 డిగ్రీల వెచ్చదనంలో పెంచితే పెద్ద కంటిమచ్చలతో వానాకాలం రూపం, 17 డిగ్రీల దగ్గర పెంచితే మచ్చలు దాదాపు మాయమై ఎండాకాలం రూపం వచ్చాయి.

పిల్లలకు ఇంకా బాగా అర్థం కావాలంటే పీకాక్ పాన్సీని వెతకమనండి. నీటిగొబ్బి మొక్క ఉన్న కుంటల చుట్టుపక్కల దొరుకుతుంది. రెక్కలు విప్పితే ఏ కాలమైనా ఒకటే, నారింజ రంగు మీద నెమలికన్నుల్లాంటి మచ్చలు. ముడిచినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. వానాకాలంలో కింది వైపు కూడా కళ్ళుంటాయి, ఇప్పుడు చూస్తే నడుమ ఒక ఈనెతో అచ్చం ఎండుటాకు. కామన్ గ్రాస్ యెల్లో అనే చిన్న పసుపుదానికి కూడా ఈ కాలంలో కింది వైపు తుప్పు రంగు మచ్చలు ఎక్కువ. అందుకే ఇప్పుడు ఫోటో తీసి, మళ్ళీ ఆగస్టులో అదే గట్టు దగ్గర ఫోటో తీసి, రెండూ పక్కపక్కన అంటించమనండి. మీ ప్రాజెక్టుకు వేరే చార్టే అక్కర్లేదు. ఒక చిన్న మాట, పిల్లలు పట్టి చూపించారన్నారు, పట్టకుండా చూడమని చెప్పండి, రెక్క మీది పొలుసులు వేళ్ళకు అంటుకుంటే మళ్ళీ మొలవవు.

ప్ర: ఈ సీజన్లో ఏ టైంలో, ఎక్కడికి వెళ్తే ఎక్కువ కనిపిస్తాయి? మోదుగులు బాగా పూశాయని కొండ దాకా వెళ్ళాను, ఒక్కటీ లేదు. (విశాఖపట్నం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి)

జ: మోదుగ, బూరుగ పూలు పిట్టల కోసం. అంత పెద్ద ఎర్ర పూల దగ్గర గోరింకలు, తేనెపిట్టలే సందడి చేస్తాయి. సీతాకోకచిలుక సన్నటి గొట్టంతో తాగుతుంది, దానికి చిన్న పూలు కావాలి. మీరు తొక్కుకుంటూ వెళ్ళిన గడ్డిచామంతి దగ్గర ఆగి ఉంటే నాలుగైదు రకాలు కనిపించేవి. లాంటానా పొదలు కూడా చూడండి, అడవికి అది చేటే అయినా తేనె మాత్రం ఉంటుంది.

టైం సంగతికొస్తే, తెల్లారగానే వెళ్ళి లాభం లేదు. వాటి ఒళ్ళు వెచ్చబడితే కానీ ఎగరలేవు. ఫిబ్రవరిలో ఎనిమిదిన్నర, తొమ్మిది నుంచి పదకొండు దాకా బాగుంటుంది. మొదటి అరగంట రెక్కలు పూర్తిగా విప్పి ఎండకు పెడతాయి, పై వైపు ఫోటోలు అప్పుడే తీసుకోవాలి. మార్చి చివరికి వచ్చేసరికి పదింటికే నీడలోకి పోతాయి. అప్పుడు ఎండిపోతున్న వాగుల దగ్గర తడి ఇసుక వెతకండి, కంబాలకొండ లాంటి చోట్ల అలాంటి తడి నేల ఉంటే దాని చుట్టూ కాపు కాయడమే మంచిది. ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుకలు గుంపులుగా దిగి ఆ తడి పీలుస్తూ ఉంటాయి, ఎక్కువగా మగవే, ఉప్పు కోసం. ఆ ధ్యాసలో ఉన్నప్పుడు చాలా దగ్గరికి రానిస్తాయి, మీ నీడ వాటి మీద పడకపోతే చాలు.

తల పైకెత్తి కూడా చూడండి. పూతకొచ్చిన మామిడి చెట్టు మీద బదనిక పట్టి ఉంటే దాని చుట్టూ తెల్లటి పెద్ద సీతాకోకచిలుక నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, కామన్ జెజెబెల్. దాని పురుగులు బదనిక ఆకులే తింటాయి. పై నుంచి తెలుపు నలుపు గీతలే, రెక్క ముడిస్తే కింద పసుపు, దాని అంచున నారింజ ఎరుపు మచ్చల వరస. రైతుకు బదనిక పీడే, జెజెబెల్‌కు అదే ఇల్లు. అపార్ట్‌మెంట్ గోడల వెంట వరసగా వేసే నరమామిడి చెట్లు, అందరూ అశోక చెట్లంటారు, వాటి దగ్గర నల్ల రెక్కల మీద ఆకుపచ్చ చుక్కలతో, పువ్వు మీద వాలినా రెక్కలు ఆడిస్తూనే ఉండేది టెయిల్డ్ జే. కొత్త చిగుళ్ళు వస్తున్న కానుగ కూడా చూసి రండి. అన్నట్టు, ఆదివారం పొద్దున్న వెళ్ళేటట్టయితే టోపీ, నీళ్ళు మర్చిపోకండి, ఫిబ్రవరి అని లైట్ తీసుకుంటే విశాఖ ఉక్క వదలదు.

ప్ర: అంకుల్, మా గన్నేరు చెట్టు ఆకు కింద వెండి రంగులో మెరిసే గూడు వేలాడుతోంది, అద్దంలా మొహం కూడా కనిపిస్తోంది. అదే వరసలోని నందివర్ధనం మీద మాత్రం బొటనవేలంత లావు ఆకుపచ్చ పురుగు, తోక దగ్గర కొమ్ము ఉంది. రెండూ ఒకటేనా? (నెల్లూరు, ఎనిమిదో తరగతి)

జ: రెండూ వేర్వేరు, కన్నా. వెండి గూడు కామన్ క్రో అనే సీతాకోకచిలుకది, ముదురు గోధుమ రంగు రెక్కలు, అంచున తెల్ల చుక్కలు. బయటికొచ్చే ముందు రోజు ఆ మెరుపు పోయి గూడు నల్లబడుతుంది, లోపలి రెక్కలు కనిపిస్తాయి, ఆ రోజు స్కూలుకి వెళ్ళే ముందు తప్పకుండా చూడు. కొమ్ము పురుగు ఓలియాండర్ హాక్‌మాత్‌ది, అంటే సాయంత్రం దాటాక తిరిగే మాత్. దాని తల వెనక రెండు నీలి కళ్ళు ఉంటాయి, అవి నిజం కళ్ళు కావు, భయపెట్టడానికి. సీతాకోకచిలుకా మాతా అని ఎప్పుడు సందేహం వచ్చినా మీసాలు చూడు: సీతాకోకచిలుక మీసం కొసన చిన్న గుండు ఉంటుంది, మాత్ మీసం చాలావరకు కొసకు పోనుపోను సన్నబడుతుంది, లేదా ఈకలా ఉంటుంది. గన్నేరు ఆకూ పాలూ నోట్లో మాత్రం పెట్టుకోకు, అది మనకు విషం.

ప్ర: నర్సరీలో సైకస్ మొక్కలకు కొత్త ఆకులు విప్పుకునే లోపే ఏదో కొరికేస్తోంది. చిగురంతా మాడినట్టు అయిపోతే ఎవరూ కొనడం లేదు. చుట్టూ చిన్న నీలం సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి, చీమలు కూడా ఉన్నాయి. దేని పని ఇది? (కడియం)

జ: ఆ నీలందాని పనే, ప్లెయిన్స్ క్యుపిడ్. మిగతావాళ్ళకు ముచ్చట, మీకు నష్టం, నేను కాదనను. ఆడది సైకస్ చిగురు విప్పుకోక ముందే వచ్చి గుడ్లు పెడుతుంది. చీమలు ఆకు తినవు, పురుగు ఒంటి మీంచి వచ్చే తీపి చుక్క కోసం వచ్చి దానికి కాపలా కాస్తాయి. కాబట్టి చీమలు గుంపుగా ఒక చిగురు చుట్టూ చేరాయంటే అక్కడ పురుగులున్నాయని గుర్తు.

మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే ఇది లేత ఆకే తింటుంది, ముదిరి గట్టిపడిన ఆకును ముట్టదు. అందుకని మొవ్వు కదలడం కనిపించిన రోజునే సన్నటి వల కప్పేసి, ఆకు గట్టిపడ్డాక తీసేయండి. అమ్మకానికి పెట్టిన మొక్కల వరకు ఇలా చేస్తే చాలు, ఒక పాత సైకస్‌ను ఎక్కడో మూలన వాటికి వదిలేస్తే ఇంకా మంచిది. రణపాల ఆకుల్లో సొరంగాలు పడుతున్నాయని గుంటూరు నుంచి ఒకరు రాశారు, వారికీ ఇక్కడే చెబుతున్నాను, అది రెడ్ పియరో, దాని పురుగు ఆకు పొరల మధ్యలో దూరి తింటుంది. నలుపు తెలుపు రెక్కలు, వెనక రెక్క మీద పెద్ద నారింజ ఎరుపు మచ్చ. రణపాల మొండి మొక్క, ఆకు పడేస్తే చాలు మొలుస్తుంది, రెండు కుండీలు ఎక్కువ పెట్టుకోండి.

ప్ర: బీడీ ఆకు తెంపే అడవిలో నారింజ ఎరుపు రంగుది, నల్ల గీతలతో, నేలకు దగ్గరగా ఎగిరి మళ్ళీ అక్కడే వాలుతోంది. (ఆదిలాబాద్)

జ: బారోనెట్. దాని పురుగు తునికాకు తింటుంది, అందుకే అక్కడ కనిపించింది. పూల దగ్గర వెతక్కండి, చెట్టు బంక, రాలి పుచ్చిన పండు అంటే దానికి ఇష్టం.

ప్ర: మేం ఎడిసన్‌లో ఉంటాం. మార్చి రెండో వారం, పెరట్లో ఇంకా అక్కడక్కడ మంచు ఉంది. దాదాపు నల్లగా, అంచుల చుట్టూ తెల్లటి పట్టీ ఉన్న పెద్ద సీతాకోకచిలుక మా మేపుల్ చెట్టు మానుకి అంటుకుని ఉంది. ఇంత చలిలో ఎక్కడి నుంచి వచ్చింది? పాపం, దారి తప్పిందేమోనని మా అమ్మాయి బెంగ పెట్టుకుంది. (న్యూజెర్సీ)

జ: బెంగ వద్దని చెప్పండి. అది మోర్నింగ్ క్లోక్, ఎక్కడి నుంచీ రాలేదు, చలికాలమంతా మీ ఇంటి చుట్టుపక్కలే ఉంది. మీ దగ్గరి సీతాకోకచిలుకల్లో చాలా మటుకు చలికాలాన్ని ప్యూపాగానో, పురుగుగానో, గుడ్డుగానో గడిపేస్తాయి. ఇది మాత్రం రెక్కలతోనే, వదులైన బెరడు కిందో కట్టెల మోపు సందుల్లోనో దూరి కూర్చుంటుంది. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఎండ బాగా కాసిందంటే బయటికి వచ్చి, రెక్కలు విప్పి ఎండకు పెట్టి, ఒళ్ళు వణికించి వేడెక్కుతుంది. ముదురు రంగు రెక్కలు అందుకే పనికొస్తాయి. అప్పటికి పూలుండవు కదా, చెట్ల నుంచి కారే జీవరసం తాగుతుంది, మీ మేపుల్ మాను మీద ఉండటానికి కారణం అదే.

పుస్తకంలో దాని అంచు పసుపుగా, లోపల నీలి చుక్కలతో కనిపిస్తుంది, మీరు తెలుపు అన్నారు. అది నిరుడు ఎండాకాలంలో పుట్టినది, ఇన్ని నెలలకు పసుపు వెలిసిపోతుంది, అంచులు చిరిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. సీతాకోకచిలుకల్లో ఇంత కాలం బతికేవి తక్కువ, పది నెలలు దాటి కూడా ఉంటుంది.

అదే రోజుల్లో నారింజ రంగుతో, రెక్కల అంచులు కొరికేసినట్టున్నవి కనిపిస్తే ఈస్టర్న్ కామా కావచ్చు, రెక్క ముడిచినప్పుడు వెనక రెక్క కింది వైపు వెండి రంగులో చిన్న కామా గుర్తు ఉంటుంది. కామా పక్కనే చుక్క కూడా ఉంటే దాని పేరే క్వశ్చన్ మార్క్. ఏప్రిల్‌కి క్యాబేజ్ వైట్ వస్తుంది, తెల్లటిది, ముందు రెక్క మీద మగదానికి ఒక నల్ల చుక్క, ఆడదానికి రెండు. అది యూరప్ నుంచి 1860 ప్రాంతంలో కెనడా క్యూబెక్‌లో దిగి ఖండమంతా పాకింది. బొటనవేలి గోరంత నీలందైతే ముందు స్ప్రింగ్ ఎజ్యూర్ అనుకోండి. వెనక రెక్కకు వెంట్రుకలాంటి తోక, దాని దగ్గర నారింజ చుక్క ఉంటేనే ఈస్టర్న్ టెయిల్డ్ బ్లూ. ఆకులు ఊడ్చి సంచుల్లో కట్టేయడం కాస్త ఆలస్యం చేయండి, ఆ ఆకుల్లోనే ఎన్నో ప్యూపాలు ఉంటాయి. పక్కింటివాళ్ళు గొణిగితే మీ అమ్మాయి చేత చెప్పించండి, పిల్లలు చెబితే వింటారు.

ప్ర: ఫోటో పంపుతున్నాను. మా పొలంలో ఇలాంటి నీలం సీతాకోకచిలుకలు వందల్లో ఉన్నాయి. పేరు చెప్పండి. (మచిలీపట్నం దగ్గర నుంచి ఒక రైతు)

జ: ఫోటోలో పై వైపే పడింది, లేత ఊదా నీలం. ఇలా పై నుంచి చూస్తే పీ బ్లూ, గ్రామ్ బ్లూ, జీబ్రా బ్లూ అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. రెక్క ముడిచి కూర్చున్నప్పుడు పక్క నుంచి చూడండి. కింది వైపు గోధుమ రంగు అలల గీతలుండి, అంచుకు దగ్గరగా వెడల్పాటి తెల్ల పట్టీ ఒకటి స్పష్టంగా కనిపిస్తే పీ బ్లూ. బూడిద తెలుపు మీద వెనక రెక్క పై అంచు దగ్గర రెండు నల్ల చుక్కలు కొట్టొచ్చినట్టు కనిపిస్తే గ్రామ్ బ్లూ. తెలుపు మీద ముదురు చారలు అడ్డదిడ్డంగా ఉంటే జీబ్రా బ్లూ, దానికి చిత్రమూలం మొక్క ఇష్టం. పీ బ్లూ, గ్రామ్ బ్లూ రెండూ పప్పుజాతి పైర్ల పూలల్లో, కాయల్లో గుడ్లు పెడతాయి కాబట్టి పేరు తెలుసుకోవడం మీకూ అవసరమే. పొద్దున పదింటి లోపు, పక్క నుంచి, రెక్క మొత్తం పడేలా ఇంకొక ఫోటో తీసి పంపండి, పొలంలో వేసింది కందా, మినుమా, పెసరా అన్నది కూడా రాయండి, వచ్చే నెల పేరు చెబుతాను.